గోడ అద్దం కిట్టు: ముందువైపు మెప్పు, వెనుకవైపు ఇబ్బంది

గోడకు తగిలించే అలంకరణ అద్దాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవడానికి కావలసిన సరుకంతా ఒకే పెట్టెలో సర్ది అమ్మే కిట్లు ఇప్పుడు ఆన్‌లైన్ దుకాణాల్లో రకరకాల పేర్లతో విరివిగా దొరుకుతున్నాయి. నేను తెప్పించినది పన్నెండు అంగుళాల కొలతది. ధర 649 రూపాయలు. దానితో ఒక అద్దం పూర్తి చేశాక, అదే నమూనాను నెల్లూరు చిన్నబజారులోనూ, ట్రంకు రోడ్డు పక్క వీధుల్లోనూ విడివిడిగా కొన్న సామాన్లతో మళ్లీ చేశాను. రెండింటినీ ఒకే గదిలో ఒక వేసవి, ఒక వానకాలం ఉంచి చూసిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీదారు పేరు మాత్రం చెప్పడం లేదు. పెట్టె మీద పేరు మారినా లోపలి సరుకు ఇంచుమించు ఒకే తీరున కనిపిస్తున్నప్పుడు ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కంటికి కనిపించే భాగం విషయంలో ఈ కిట్టు ఇచ్చిన డబ్బుకు తగినదే. చిన్న అద్దపు ముక్కలు ధారాళంగా ఇచ్చారు, నమూనా చక్కగా ఉంది, చేయి తిరగని వారు సైతం రెండు మూడు సాయంత్రాల్లో ముచ్చటైన వస్తువు చేయగలరు. అద్దాన్ని పట్టి ఉంచే చెక్క, జిగురు, గోడకు తగిలించే కొక్కెం, అంటే చేసిన వస్తువు ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చే మూడింటిలోనూ పొదుపు చేశారు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో ఆ పొదుపు త్వరగానే బయటపడుతుంది.

పెట్టెలో మూడు మిల్లీమీటర్ల మందం గల ఎమ్‌డీఎఫ్ చెక్క బిళ్ల, ఆరంగుళాల గుండ్రటి మధ్య అద్దం, గుండ్రటివీ, వజ్రాకారంవీ, నీటిబొట్టు ఆకారంవీ కలిపిన చిన్న అద్దాల సంచి, రెండు పొట్లాల తెల్ల మట్టి, ఆరు చిన్న డబ్బాల అక్రిలిక్ రంగులు, రెండు కుంచెలు, ఒక ట్యూబు జిగురు, గోడకు అంటించే ప్లాస్టిక్ కొక్కెం, నమూనా గీసిన కాగితం ఉన్నాయి. పార్సిల్ లోపల బుడగల ప్లాస్టిక్ రెండు చుట్లు చుట్టి పంపారు కాబట్టి ఏదీ పగలలేదు. సూచనల కాగితం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది, తెలుగులో లేదు. బొమ్మలు స్పష్టంగా ఉండటం వల్ల అది పెద్ద అడ్డంకి కాలేదు గానీ, ఏది ఎంతసేపు ఆరాలన్న అసలు సంగతి ఏ భాషలోనూ సరిగా రాయలేదు.

ఈ నమూనా గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు లిప్పన్ పనిని అనుసరించినది. అక్కడ భుంగాలనే గుండ్రటి ఇళ్ల గోడలకు మట్టినీ పేడనూ కలిపిన ముద్దను సన్నటి తీగలుగా చుట్టి అంటించి, మధ్య మధ్య అద్దపు ముక్కలు పొదుగుతారు. నూనె దీపం వెలుగులో గోడంతా మెరిసేందుకు చేసిన పని అది. కిట్టులో పేడ ఉండదు, గోడ స్థానంలో చెక్క వచ్చింది. అయినా వరసల లెక్క, త్రికోణాల అమరిక, తెల్లటి ఒకే రంగు మీద అద్దాలు మాత్రమే వెలగనిచ్చే ఆ నిగ్రహం నమూనా కాగితంలో చాలావరకు నిలిచాయి. ఆరు రంగుల డబ్బాలు ఎందుకు ఇచ్చారో నాకు అర్థం కాలేదు. అన్నీ వాడిన అద్దం తిరునాళ్ల దుకాణంలో వేలాడే వస్తువులాగా తయారవుతుంది.

ముందు మెచ్చుకోవలసిన దాని గురించి చెబుతాను. చిన్న అద్దాలు నిజమైన గాజువే. ఇటువంటి కిట్లలో అక్రిలిక్ అనే ప్లాస్టిక్ ముక్కలు పెట్టి అమ్మడం కూడా ఉంది కాబట్టి ఈ సంగతి గట్టిగా చెప్పాలి. గాజో కాదో తెలుసుకోవడం సులువు: ముక్కను పెదవికి ఆనించినప్పుడు గాజు చల్లగా తగులుతుంది, అక్రిలిక్ అంత చల్లగా ఉండదు, గోటితో కొడితే గాజు టింగుమంటుంది, అక్రిలిక్ మొద్దుగా పలుకుతుంది. ఇందులోని ముక్కల్లో కొన్నింటి అంచులు చిట్లి ఉన్నాయి, ఒకటి రెండింటికి వెనుక పూత గీరుకుపోయి వెలుతురుకు పట్టి చూస్తే సూదిమొన ప్రమాణంలో చుక్కలు కనిపించాయి. లెక్కకు మించి ముక్కలు ఇచ్చినందువల్ల చెడ్డవి ఏరివేసినా నమూనాకు లోటు రాలేదు. సంచిలో చేయి పెట్టేవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఈ ముక్కలకు అంచు రుద్దరు కాబట్టి, వేలి చర్మంలో దిగిన గాజు పొడి కనిపించదు, మంట మాత్రం పెడుతుంది. పిల్లల చేత చేయించదలచుకున్న వారు ముక్కలన్నీ ఒక పళ్లెంలో పోసి, పట్టకారుతో తీయడం నేర్పాలి.

మధ్య అద్దం దగ్గరే కిట్టు నిరాశపరిచింది. అది రెండు మిల్లీమీటర్ల అక్రిలిక్ పలక. ముఖం చూసుకుంటే దవడ ఒకవైపు కాస్త సాగినట్లు కనిపిస్తుంది. ఇటువంటి తేడాను కొనేముందే పట్టుకోవడానికి అద్దాల దుకాణాల వారు చేసే పరీక్ష ఒకటుంది. అద్దాన్ని చేతిదూరంలో పట్టుకుని, అందులో పైకప్పు ట్యూబులైటు కనిపించేలా వంచి, మెల్లగా అటూ ఇటూ కదిలించాలి. మంచి అద్దంలో లైటు గీత తిన్నగానే జరుగుతుంది. అక్రిలిక్‌లో అంచుల దగ్గర ఆ గీత పాములా వంకరలు తిరుగుతుంది. పలక పలుచగా ఉండటం, వెనుక ఆధారం సమతలంగా లేకపోవడం, జిగురు ఒకచోట ఎక్కువ మరోచోట తక్కువ పడటం, ఇవన్నీ కలిసి ఆ వంకరను పెంచుతాయి. అక్రిలిక్‌కు ఒక సుగుణం ఉందని ఒప్పుకోవాలి. అదే కొలత గాజుతో పోలిస్తే సగం బరువైనా ఉండదు, కింద పడితే పెంకులు కాదు. పసిపిల్లలున్న గదికి అది మంచి ఎంపికే. ముఖం చూసుకోవడానికి అయితే గాజు తప్పదు. అక్రిలిక్‌ను స్పిరిటుతో గానీ, అమోనియా కలిసిన గ్లాసు క్లీనరుతో గానీ తుడిస్తే సన్నటి పగుళ్లు పాకుతాయన్న హెచ్చరిక సూచనల కాగితంలో ఉండవలసింది, లేదు.

రెండో అద్దానికి నెల్లూరులోనే నాలుగు మిల్లీమీటర్ల గాజు అద్దం కోయించాను. కిటికీ అద్దాలు, ఫొటో ఫ్రేములు కట్టే చిన్న దుకాణాల్లో పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు గోడకు ఆనించి ఉంటాయి. ఆరంగుళాల బిళ్ల కోసం కొత్త పలక కొనవలసిన పని లేదు; ఆ మిగులు ముక్కల్లోంచి కోసి ఇమ్మంటే ధర బాగా తగ్గుతుంది. నాకు అంచు రుద్దడంతో కలిపి 120 రూపాయలు పడింది. చేసే పని చూడటం కూడా ఒక ఆనందమే. గుండ్రటి కోతకు మధ్యలో రబ్బరు పట్టు ఆనించి, గాజు కోసే చిన్న చక్రం ఉన్న కమ్మీని ఒక్కసారి, ఒకే ఒత్తిడితో చుట్టూ తిప్పుతారు. ఆ గీత మీద రెండోసారి తిప్పరు. తరువాత బిళ్ల చుట్టూ ఉన్న మిగులును నాలుగైదు చోట్ల అడ్డంగా గీసి, కింది నుంచి మెల్లగా తట్టితే గీత వెంబడి చీలిక పాకుతూ పోవడం కంటికి కనిపిస్తుంది. అంచు రుద్దించుకోకుండా తెచ్చుకోవద్దు. ఆ పాతిక ముప్పై రూపాయల దగ్గర పొదుపు చేస్తే చేతికి కోతలు మిగులుతాయి. అదీగాక, చిట్లిన అంచు లోంచే తేమ వెనుక పూతలోకి దిగుతుంది.

గాజు బరువు గురించి భయపడేవారికి ఒక లెక్క చెబుతాను. చదరపు మీటరు గాజు, మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. ఆ లెక్కన నాలుగు మిల్లీమీటర్ల ఆరంగుళాల బిళ్ల 180 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది; అదే పద్దెనిమిది అంగుళాల అద్దమైతే కిలోన్నర దాటుతుంది. మొదటిది ఏ మేకు మీదైనా నిలుస్తుంది, రెండోదానికి గోడలో తగిన ఏర్పాటు కావాలి. మాటల్లో మాట, ఈ గాజులో నూటికి డెబ్బై పాళ్లు సిలికాయే. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్లటి ఇసుక ఆ సిలికా కోసమే లారీలకెక్కి గాజు కార్ఖానాలకు పోతుంది. మన నేల సరుకు మన ఇంటికి అద్దంగా తిరిగి రావడానికి ఇంత దూరం తిరగవలసి వస్తోంది.

అద్దానికి అసలు ప్రాణం దాని వెనుక ఉంటుంది. గాజు వెనుక పూసిన వెండి పొర మందం మిల్లీమీటరులో పదివేలో వంతుకు అటూ ఇటూ మాత్రమే. సిల్వర్ నైట్రేట్ ద్రావణం నుంచి గాజు మీద వెండిని దించే రసాయన పద్ధతిని జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ 1835లో కనుగొన్నాడు. ఈనాటి కార్ఖానాలు అనుసరించేదీ మూలంలో అదే. వెండి మీద పాత పద్ధతిలో రాగి పొర, దాని మీద రంగు పూత వేస్తారు. రాగి లేకుండా చేసే అద్దాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. ఆ రంగు పూత ఉన్నంతసేపే వెండి క్షేమం. అంచు దగ్గర పూత లేచినా, మధ్యలో జిగురు దాన్ని తినేసినా, తేమ లోపలికి దిగి వెండిని నల్లబరుస్తుంది. స్నానాల గది అద్దాల అంచుల నుంచి లోపలికి పాకే నల్లటి మరకలు అలా పుట్టినవే. వాటిని ఎంత తుడిచినా పోవు, ఎందుకంటే అవి గాజుకు ఆవలి వైపున ఉంటాయి.

అందువల్ల జిగురు ఎంపిక ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం. కిట్టు తయారు చేసిన వారు అన్నిటికంటే తక్కువ పట్టించుకున్నది కూడా దాన్నే. ట్యూబులోది ఘాటైన వాసన గల, ద్రావకం కలిసిన పారదర్శకపు జిగురు. చిన్న అద్దాలను ఆరిన మట్టి మీద అంటించడానికి అది పనికొచ్చింది. మధ్య అద్దానికి వాడితే మాత్రం, కొన్ని వారాలు గడిచేసరికి జిగురు గీతలు వెళ్లిన దారి వెంటే సన్నటి మబ్బు గీతలు ముందు నుంచి కనిపించాయి. ద్రావకం వెనుక పూతను మెత్తబరిచిందన్న మాట.

గాజు అద్దం కోసిచ్చిన దుకాణంలోనే దీనికి మందు దొరికింది. షెల్ఫు మీద చవకగా ఉన్న సిలికాన్ జిగురు ట్యూబు వైపు నేను చూస్తుంటే, కోత పని చేస్తున్న పెద్దాయన అద్దం మీద నుంచి తల ఎత్తకుండానే, "అది పెట్టబాకమ్మా, వాసన చూడు, పులుపు కొడతాది. ఆర్నెల్లకి మచ్చలొస్తాయి," అన్నారు. "మరి ఏది పెట్టమంటారు పెద్దాయనా?" అని అడిగితే, "న్యూట్రల్ అని రాసుంటాది చూడు, అదే తీసుకో. డబ్బులు కాస్త ఎక్కువైనా అద్దం నిలబడతాది," అని చెప్పారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. సాధారణ సిలికాన్ గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెనిగరు వాసన దానిదే. ఆ ఆమ్లం అద్దం వెనుక పూతనూ, దాని కింద ఉన్న లోహపు పొరలనూ దెబ్బతీస్తుంది. న్యూట్రల్ రకం ఆ ఆమ్లాన్ని వదలదు. ఒక గొట్టం 300 రూపాయల దాకా ఉంటుంది, అంచనాకు అది ఎన్నో అద్దాలకు సరిపోతుంది. వెనుకంతా పులమకుండా, మధ్య మధ్య గాలి ఆడేలా నిలువు గీతలుగా వేసి, అద్దాన్ని చెక్కకు అదిమి, కనీసం ఒక రోజు పడుకోబెట్టి ఉంచాలి.

ఫెవికాల్ సంగతి ఏమిటని చాలామంది అడుగుతారు. తెల్ల జిగురు అతుక్కోవాలంటే అందులోని నీరు ఎటో ఒకవైపు ఇంకిపోవాలి. మట్టి మీద చిన్న అద్దాలు, చెక్క మీద తాడు, చెక్క మీద లేసు, వీటికి అంతకంటే మంచి జిగురు, చవక జిగురు లేదు. ఆరంగుళాల గాజుకు, రంగు వేసిన చెక్కకు మధ్య వేస్తే మాత్రం నీరు పోవడానికి దారి ఉండదు; అంచుల్లో గట్టిపడి నడుమ పచ్చిగానే మిగిలిపోతుంది. వేడి జిగురు, అంటే గ్లూ గన్నుతో కరిగించి వేసేది, చేస్తున్నంతసేపు హాయిగా ఉంటుంది, వెంటనే పట్టుకుంటుంది. గాజు వంటి నున్నటి తలాన్ని అది గట్టిగా పట్టలేదు. పైగా వేడెక్కే కొద్దీ మెత్తబడే స్వభావం దానిది. రోహిణి కార్తె ఎండల్లో పడమటి గోడ మీద బరువు మోస్తూ వేలాడే అద్దానికి దాన్ని నమ్ముకోకూడదు. పూసలు, గవ్వలు, ఐస్‌క్రీం పుల్లల వంటి తేలిక సరుకుకు వాడుకోవచ్చు. క్షణంలో అతుక్కునే సూపర్ గ్లూ రకాలు అద్దాల దగ్గరకే రానివ్వకపోవడం మంచిది. వాటి ఆవిరి చుట్టుపక్కల గాజు మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది.

ఇక చెక్క బిళ్ల. ఎమ్‌డీఎఫ్ అనేది చెక్క పీచును జిగురుతో కలిపి వేడి మీద అదిమి చేసిన పలక. నీరు తగిలితే ఉబ్బుతుంది, ముఖ్యంగా అంచుల దగ్గర. కిట్టులోని మూడు మిల్లీమీటర్ల బిళ్ల మీద తడి మట్టిని ఒకవైపే అంటించి ఆరనిస్తే, మట్టి ఎండుతూ ముడుచుకుని బిళ్లను తన వైపు లాగుతుంది. పూర్తయిన అద్దాన్ని బల్ల మీద బోర్లా పెడితే మధ్యలో వేలు దూరేంత సందు కనిపించింది. బజారులో ఆరు మిల్లీమీటర్ల బిళ్ల కోయించుకుంటే 130 రూపాయలు. దానికి ఈ బాధ దాదాపు లేదు. ఏ మందమైనా, మట్టి పెట్టకముందే రెండు వైపులా, అంచుల చుట్టూ ఫెవికాల్‌ను నీళ్లతో పలుచన చేసి ఒక పూత వేసి ఆరబెట్టాలి. వెనుక వైపు కూడా రంగు వేయాలి. ఒక వైపు మాత్రమే పూత ఉన్న పలక రెండు వైపులా తేమను ఒకే తీరున పీల్చదు, అందుకే వంగుతుంది. నెల్లూరుకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడతాయి కాబట్టి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకునేవారు ప్రతి పూతకూ మామూలు కంటే రెట్టింపు సమయం ఇవ్వాలి.

కిట్టులోని మట్టి మెత్తగా, తెల్లగా, సాగే గుణంతో ఉంది. సన్నటి తీగలుగా చుట్టడం తేలిక. ఆరిన తరువాత పొడవాటి తీగలు అక్కడక్కడ పగిలాయి. పగుళ్లలో అదే మట్టిని నీళ్లతో కలిపి కుంచెతో పూస్తే కనిపించకుండా పోతాయి గనక దీన్ని పెద్ద లోపంగా లెక్కించను. క్రాఫ్టు సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే సిరామిక్ పొడిని ఫెవికాల్‌తో చపాతీ పిండిలా కలుపుకుంటే ఇంకా గట్టి ముద్ద వస్తుంది, పగుళ్లు తక్కువ. అరకిలో పొడి 60 రూపాయలు. కలిపిన ముద్దను తడిగుడ్డలో చుట్టి ఉంచకపోతే గంటలోనే బిరుసెక్కుతుంది. చేతికి కాస్త కొబ్బరినూనె రాసుకుంటే తీగ నున్నగా వస్తుంది గానీ, నూనె ఎక్కువైతే ఫెవికాల్ పట్టదు, చేతులు మెరవకూడదు.

రంగుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. తెలుపు రెండు పూతల్లో కప్పింది, బంగారు రంగు పలుచన. ఆ బంగారు, ముత్యపు మెరుపు రంగుల్లో తళుకు పుట్టించేది సామాన్యంగా అభ్రకపు రేకులే అని గూడూరు అభ్రకం గనుల సంగతి తెలిసిన జిల్లా వాసులకు గుర్తు చేయనక్కర్లేదు.

తగిలించే ఏర్పాటును కిట్టు వారు పూర్తిగా వదిలేసినట్టే. ఇచ్చిన అంటించే కొక్కెం టైల్సు మీదో, ఎనామిల్ రంగు వేసిన తలుపు మీదో నిలబడుతుంది. సున్నం కొట్టిన గోడ మీద, డిస్టెంపరు గోడ మీద అది గోడను పట్టుకోదు, గోడ మీది రంగును మాత్రమే పట్టుకుంటుంది. బరువు పడగానే ఆ రంగు పెచ్చుతో సహా ఊడి వస్తుంది. పన్నెండు అంగుళాల అద్దం మట్టి, గాజు, చెక్క అన్నీ కలిసి కిలో దాకా తూగుతుంది. ఫొటో ఫ్రేముల దుకాణంలో ఇత్తడి రింగులు రెండు అడిగి, బిళ్ల వెనుక పైభాగంలో రెండు పక్కలా పొట్టి స్క్రూలతో బిగించి, వాటి మధ్య తీగ కట్టాలి. స్క్రూ పొడవు చెక్క మందం కంటే తక్కువ ఉండేలా చూసుకోవాలి, లేదంటే ముందున్న అద్దం చిట్లుతుంది. గోడకు డ్రిల్లుతో రంధ్రం వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తే అద్దం గురించి మళ్లీ ఆలోచించనక్కర్లేదు.

లిప్పన్ నమూనా వద్దనుకునేవారికి ఇదే చెక్క, ఇదే అద్దం, ఇదే జిగురుతో ఇంకా చవకైన మార్గాలున్నాయి. జనపనార తాడును అద్దం చుట్టూ వరసగా చుట్టి అంటిస్తే సాయంత్రానికల్లా పని ముగుస్తుంది. ఐస్‌క్రీం పుల్లలను సూర్యకిరణాల తీరున అమర్చవచ్చు. పొట్టివి, పొడవువి మార్చి మార్చి పెడితేనే అది అందంగా వస్తుంది. ఉదయగిరి చెక్క చెంచాలను కూడా ఇలా కిరణాలుగా అంటించమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చారు. చేత్తో చెక్కిన చెంచాను జిగురులో ముంచి గోడకెక్కించడానికి నాకు మనసు రాలేదు. మైపాడు తీరంలో ఏరిన గవ్వలు, ఆల్చిప్పలు వాడేవారు వాటిని మంచినీటిలో రెండు మూడుసార్లు నానబెట్టి కడిగి, బాగా ఎండబెట్టిన తరువాతే అంటించాలి. మిగిలిపోయిన ఉప్పు గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది, ఆ తేమ పక్కనే ఉన్న అద్దం అంచుకు మంచిది కాదు. అంచు చుట్టూ రంగులేని గోళ్ల రంగు సన్నగా పూస్తే కొంత రక్షణ.

ఖర్చు విషయంలో ఒక అపోహ తొలగించాలి. విడివిడిగా కొంటే చవక అనుకుంటారు. మొదటి అద్దానికి అది నిజం కాదు. చెక్క, గాజు, చిన్న అద్దాలు, పొడి, ఫెవికాల్, రెండు రంగులు, రింగులు అన్నీ కలిపి నాకు 600 రూపాయల దరిదాపుల్లో అయింది, దాని మీద సిలికాన్ మరో 300. కిట్టు కంటే ఎక్కువే. అయితే జిగురు, రంగు చాలావరకు మిగిలి ఉంటాయి కాబట్టి, రెండో అద్దం 400 లోపే వస్తుంది. పెళ్లికో, గృహప్రవేశానికో నాలుగైదు చేసి ఇవ్వదలచుకున్న వారికి బజారు దారి లాభం. ఒక్కటే చేసి చూద్దామనుకునే వారికి, బడి సెలవుల్లో పిల్లలకు పని కల్పించాలనుకునే వారికి కిట్టు చాలు; దానితోపాటు 120 రూపాయలు పెట్టి గాజు అద్దం కోయించుకుని, కిట్టు కొక్కేన్ని పక్కన పెట్టి రింగులు బిగించుకోమని నా సలహా. అయిదుకు మూడు చుక్కలు ఇస్తాను. మధ్య అద్దం గాజుదై, చెక్క ఆరు మిల్లీమీటర్లదై ఉంటే మరో వంద రూపాయలు ఎక్కువ పెట్టినా నాలుగు ఇచ్చేదాన్ని.

పూర్తయిన అద్దాన్ని చేతులు కడిగే సింకు పైన గానీ, వంటగది ఆవిరి తగిలే గోడకు గానీ తగిలించవద్దు. తుడిచేటప్పుడు నీళ్లను అద్దం మీద చల్లకుండా గుడ్డ మీద చల్లుకుని తుడవాలి. చల్లిన నీరు కిందికి జారి మట్టి అంచు దగ్గర నిలుస్తుంది, అక్కడి నుంచి చెక్కలోకి దిగుతుంది.